న్యూజిలాండ్ దక్షిణ ద్వీపంలో అద్దె కారు: బుకింగ్ నుంచి తాళం తిరిగిచ్చే దాకా

న్యూజిలాండ్‌లోనూ మనలాగే ఎడమ పక్కనే నడపాలి. స్టీరింగూ కుడివైపే. అమెరికాకో ఇటలీకో వెళ్లినవాళ్లు మొదటి రోజంతా "కుడి, కుడి" అని గొణుక్కుంటూ ఒళ్లు దగ్గర పెట్టుకుని నడుపుతారు. ఇక్కడ ఆ భయం ఉండదు, తంటా అంతా అందులోనే ఉంది. రోడ్డు మనదిలాగే కనిపించేసరికి చేతులూ కాళ్లూ ఇంటి అలవాట్లనే అందుకుంటాయి: ఎర్ర సిగ్నల్ దగ్గర ఫ్రీ లెఫ్ట్, రౌండ్‌అబౌట్‌లో ముందు ముక్కు దూర్చడం, ఎదుటి బండికి లైటు కొట్టి దూసుకుపోవడం. ఈ మూడూ అక్కడ జరిమానాకో, ప్రమాదానికో దారితీసేవే.

కింద చెప్పేదంతా ఒక దారిని దృష్టిలో పెట్టుకుని చెప్పింది. క్రైస్ట్‌చర్చ్‌లో బండి తీసుకుని టెకపో, మౌంట్ కుక్, క్వీన్స్‌టౌన్, మిల్‌ఫర్డ్ సౌండ్, వానకా, పశ్చిమ తీరం చుట్టి, ఆర్థర్స్ పాస్ మీదుగా మళ్లీ క్రైస్ట్‌చర్చ్‌లోనే అప్పగించడం. అటూ ఇటూ తిరుగుళ్లతో దాదాపు 2,000 కిలోమీటర్లు. పది పన్నెండు రోజులు ఉంటేనే ఈ చుట్టు పెట్టుకోండి.

కాగితాలు

మన ఆర్టీఏ ఇచ్చే ప్లాస్టిక్ లైసెన్సు ఇంగ్లీషులోనే ఉంటుంది కాబట్టి పర్యాటకులకు అదే చాలు. అసలు కార్డే చేతిలో ఉండాలి. డిజీలాకర్‌ను నమ్ముకుని వెళ్తే కౌంటర్ దగ్గరే ఆగిపోతారు. నడుపుతున్నంతసేపూ కార్డు దగ్గర ఉంచుకోవడం అక్కడి చట్టం. గడువు తేదీ, ఎల్‌ఎంవీ (కారు నడిపే అనుమతి) అన్న మాట రెండూ చూసుకోండి. టూ వీలర్ లైసెన్సుతో, ఎల్‌ఎల్‌ఆర్‌తో కారు ఇవ్వరు.

కార్డు మీద అక్షరాలు చెరిగిపోయి ఉంటే, లేదా కంపెనీ షరతుల్లో అడిగితే ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ తీసుకోండి. ఆర్టీఏకి ఫారం 4ఎ, పాస్‌పోర్టు, వీసా, టికెట్ కాపీలు ఇవ్వాలి. రుసుము 1,000 రూపాయలు, పైన సర్వీసు ఛార్జీలు. చెల్లుబాటు ఒక ఏడాది. ఇది లైసెన్సుకు తోడు కాగితం మాత్రమే, లైసెన్సు ఇంట్లో వదిలేసి దీన్ని పట్టుకెళ్తే పనికిరాదు.

ఎవరెవరు నడుపుతారో అందరి పేర్లూ ఒప్పందంలో ఎక్కించండి. "దారిలో బావగారు ఓ గంట పట్టుకుంటారులే" అనుకుని, ఆయన పేరు లేకుండా ఆయన చేతిలో బండి ఎక్కడైనా తగిలితే ఇన్సూరెన్స్ మొత్తం పోతుంది. రెండో డ్రైవర్‌కి రోజుకు కొన్ని డాలర్లు తీసుకునే కంపెనీలున్నాయి, ఉచితంగా రాసేవీ ఉన్నాయి. 25 ఏళ్ల లోపువాళ్లకు అదనపు రుసుము ఉంటుంది, 21 లోపైతే చాలాచోట్ల బండే ఇవ్వరు.

ఏ బండి

ఆటోమేటిక్ తీసుకోండి, అద్దెకు దొరికేవీ ఎక్కువగా అవే. మాన్యువల్ అలవాటున్నవాళ్లకు మొదటి రోజు ఒక ప్రమాదం పొంచి ఉంటుంది. బండి ఆపబోయేటప్పుడు ఎడమకాలు క్లచ్ కోసం వెతికి, వెడల్పాటి బ్రేక్ పెడల్ మీద గట్టిగా పడుతుంది. బండి నిలువునా ఆగుతుంది, వెనకవాడు గుద్దుతాడు. ఎడమకాలిని సీటు కిందికి మడిచి పెట్టుకోవడమే మందు.

నలుగురు పెద్దవాళ్లు, నాలుగు పెద్ద సూట్‌కేసులు ఉంటే కరోలా హ్యాచ్‌బ్యాక్ సరిపోదు. డిక్కీలో రెండు పెద్దవి పడితే గొప్ప. మిగతావి ఒడిలో పెట్టుకోవాల్సి వస్తుంది, లేదా వెనక సీటు మీద బయటికి కనిపిస్తూ ఉంటాయి. నడక దారుల దగ్గర పార్కింగుల్లో అద్దాలు పగలగొట్టేది అలాంటి బండ్లకే. టొయోటా ఆర్‌ఏవీ4 స్థాయి ఎస్‌యూవీ తీసుకుంటే సుఖం. అక్కడి చలికాలంలో తప్ప ఫోర్ వీల్ డ్రైవ్ అవసరం లేదు.

డీజిల్ బండి చవగ్గా కనిపిస్తే ఒకసారి ఆగండి. అక్కడ డీజిల్ ధరలో రోడ్డు పన్ను కలిసి ఉండదు. తిరిగిన దూరాన్ని బట్టి విడిగా కట్టాలి, తేలిక డీజిల్ బండికి 1,000 కిలోమీటర్లకు 76 డాలర్లు (ఇక్కడ డాలర్లంటే న్యూజిలాండ్ డాలర్లే). 2024 ఏప్రిల్ నుంచి ఎలక్ట్రిక్ బండ్లకూ ఇదే లెక్క. ఇది అద్దెలో ఉందా, చివర్లో వేస్తారా అని ముందే అడగండి. మొత్తం చుట్టుకు 150 డాలర్లు తేడా వస్తుంది.

ఏడేళ్ల లోపు పిల్లలకు చైల్డ్ సీటు తప్పనిసరి. ఒళ్లో కూర్చోబెట్టుకోవడం కుదరదు. బుకింగ్‌లోనే పిల్లల వయసు, బరువు రాయండి. కౌంటర్ దగ్గర అడిగితే సరైన సైజు దొరకకపోవచ్చు.

ఇన్సూరెన్స్: తొందరపడకుండా చదవాల్సింది ఇదే

అద్దెలో మామూలు ఇన్సూరెన్స్ కలిసే ఉంటుంది. చిక్కంతా ఎక్సెస్‌తోనే. బండికి దెబ్బ తగిలితే ఇన్సూరెన్స్ కంటే ముందు మన జేబులోంచి పోయే సొమ్ము అది. తప్పు ఎదుటివాడిదైనా ముందు మన కార్డు నుంచే లాగి, తర్వాత వాడి దగ్గర వసూలైతే తిరిగిస్తారు. సాధారణంగా 2,500 నుంచి 5,000 డాలర్ల మధ్య ఉంటుంది. పార్కింగ్‌లో స్తంభానికి రాసుకుని బంపర్ పగిలితే దాదాపు అంతా మన భారమే.

దీన్ని తగ్గించుకోవడానికి రెండు దారులు. కంపెనీ దగ్గరే రోజువారీ కట్టి ఎక్సెస్‌ను సున్నాకి తెచ్చుకోవడం మొదటిది. ఖర్చు ఎక్కువ, కానీ ఏం జరిగినా తాళం ఇచ్చేసి వెళ్లిపోవచ్చు, కార్డు మీద డిపాజిట్‌గా ఆపి ఉంచే సొమ్ము (హోల్డ్) కూడా తగ్గుతుంది. రెండోది, బయటి ఇన్సూరెన్స్ సంస్థ దగ్గర ఎక్సెస్‌కు మాత్రమే పాలసీ కొనడం. ఇది చవక. అయితే దెబ్బ తగిలినప్పుడు డబ్బు ముందు మనమే కట్టి, బిల్లులు పంపి, తర్వాత రాబట్టుకోవాలి. కార్డులో అంత లిమిట్ లేనివాళ్లు మొదటిదే ఎంచుకోవడం మేలు. ఇండియాలో కొన్న ట్రావెల్ ఇన్సూరెన్స్‌లో ఇదంతా ఉంటుందని అనుకోకండి. పాలసీ పత్రంలో అద్దె బండి ఎక్సెస్ అన్న క్లాజు కళ్లతో చూస్తేనే ఉన్నట్టు.

ఎంత పెద్ద ప్యాకేజీ కట్టినా మామూలుగా వర్తించనివి కొన్నున్నాయి: బండి అడుగు భాగానికి, పైకప్పుకు తగిలిన దెబ్బ, నీళ్లలో నడపడం, తప్పుడు ఇంధనం పోయడం, తాళం పోగొట్టుకోవడం, తాగి నడపడం, నిషేధించిన రోడ్లలోకి వెళ్లడం. ఆ నిషేధిత జాబితాలో దాదాపు అన్ని కంపెనీల దగ్గరా కనిపించే పేర్లు క్వీన్స్‌టౌన్ దగ్గరి స్కిప్పర్స్ రోడ్డు, మౌంట్ కుక్ దగ్గరి బాల్ హట్ రోడ్డు. టైర్లు, ముందు అద్దం కొన్ని ప్యాకేజీల్లో ఉంటాయి, కొన్నిట్లో విడిగా కొనాలి. ముందు అద్దానికి మాత్రం తప్పక తీసుకోండి. రోడ్డు పనులు జరిగే చోట కొత్తగా పోసిన కంకర ఎదుటి లారీ టైరు కింది నుంచి ఎగిరి అద్దానికి తగలడం అక్కడ మామూలు విషయం.

మనుషులకు దెబ్బ తగిలితే అక్కడి ప్రభుత్వ పథకం ఏసీసీ పర్యాటకుల వైద్య ఖర్చునూ భరిస్తుంది, తప్పెవరిదన్న లెక్క లేదు. కానీ ప్రయాణం చెడిపోయిన నష్టం, ఇంటికి తిరిగి రావడానికయ్యే ఖర్చు అందులోకి రావు. ట్రావెల్ ఇన్సూరెన్స్ కొనాల్సింది వాటి కోసమే.

క్రెడిట్ కార్డు

మొదటి డ్రైవర్ పేరుతో వీసా లేదా మాస్టర్‌కార్డ్ క్రెడిట్ కార్డు చేతిలో ఉండాలి. భార్య పేరున ఉన్న కార్డు, ఫోన్‌లో ఉన్న కార్డు, రూపే కార్డు, డెబిట్ కార్డు కౌంటర్ దగ్గర ఇబ్బంది పెడతాయి. బయల్దేరే ముందు బ్యాంకు యాప్‌లో అంతర్జాతీయ వాడకం ఆన్ చేసి, లిమిట్ పెంచండి. హోల్డ్ అయిన సొమ్ము బండి ఇచ్చిన రోజే తిరిగి రాదు, మన బ్యాంకుల్లో కనిపించడానికి వారం పది రోజులు పట్టినా ఆశ్చర్యం లేదు. హోటళ్లకు మరో కార్డు ఉంచుకోండి. మెషీన్ "రూపాయల్లో కట్టమంటారా, డాలర్లలోనా" అని అడిగితే డాలర్లే నొక్కండి. రూపాయలు నొక్కితే మారకం రేటు వాళ్లిష్టం.

తాళం తీసుకునేటప్పుడు

అక్కడి వేసవిలో, అంటే మన చలికాలంలో, అక్కడి గడియారం మనకంటే ఏడున్నర గంటలు ముందుంటుంది, అక్కడి చలికాలంలో ఆరున్నర. అక్కడ ఉదయం తొమ్మిదికి తాళం అందుకున్న మనిషికి ఒంట్లో రాత్రి ఒంటిగంటన్నర. విమానం దిగిన రోజు క్రైస్ట్‌చర్చ్‌లో పడుకుని, మర్నాడు బండి తీసుకోవడానికి ఒక రోజు అద్దె మిగలడం కూడా ఒక కారణం. అసలు కారణం మాత్రం నిద్రే.

బండి దగ్గర పావుగంట కేటాయించండి. ఫోన్‌లో వీడియో ఆన్ చేసి బండి చుట్టూ ఒక ప్రదక్షిణ చేయండి. నాలుగు చక్రాల రిమ్ములు, బంపర్ల కింది అంచులు, తలుపుల అంచులు, ముందు అద్దంలో చుక్కంత చిల్లులు, పైకప్పు అన్నీ రావాలి. తర్వాత లోపల కూర్చుని ఇంధనం ముల్లు, కిలోమీటర్ల రీడింగు తీయండి. కంపెనీ ఇచ్చిన కాగితంలో లేని ప్రతి గీతా, సొట్టా రాయించాకే సంతకం. వాన పడుతుంటే తడి బండి మీద గీతలు కనిపించవు, గుడ్డతో తుడిచి చూడండి. డిక్కీ కింద స్టెప్నీ ఉందో, పంక్చర్ కిట్ మాత్రమే ఉందో కూడా చూసుకోండి.

గేటు దాటకముందే ఇండికేటర్ వేసి చూడండి. మన దగ్గర కొన్ని బండ్లలో అది ఎడమ చేతి వైపు. అక్కడి టొయోటా, మాజ్డా లాంటి జపాన్ బండ్లలో కుడి చేతి వైపు. ఎడమవైపు అలవాటున్నవాళ్లకు మొదటి రెండు రోజులు ప్రతి మలుపులోనూ ఇండికేటర్ బదులు వైపర్లు ఊగుతాయి. నవ్వుకునే విషయమే, కానీ వెనకవాడికి మీరు తిరుగుతున్నట్టు తెలియదు.

రోడ్డు మీద

ఊళ్లో 50, ఊరు దాటాక 100 కిలోమీటర్లు. ఆ 100 పరిమితి మాత్రమే, అంత వేగంగా పోవాలని కాదు. మలుపుల ముందు పసుపు బోర్డు మీద 35 అనో 45 అనో రాసి ఉంటే అది నిజంగానే ఆ మలుపుకు తగిన వేగం. పిల్లల్ని దింపుతూ ఆగిన స్కూలు బస్సును ఎటువైపు నుంచి దాటినా 20కి దిగాలి.

ఎర్ర సిగ్నల్ దగ్గర ఎడమకు తిరగకూడదు, ఫ్రీ లెఫ్ట్ అన్నదే లేదు. స్టాప్ బోర్డు దగ్గర చక్రాలు పూర్తిగా ఆగాలి, ఖాళీ రోడ్డైనా సరే. రౌండ్‌అబౌట్‌లో కుడి నుంచి వచ్చే ప్రతి బండికీ దారివ్వాలి. జీబ్రా మీద మనిషి అడుగు పెడితే ఆగాలి. మధ్యలో మీ వైపు పసుపు గీత నిండుగా ఉంటే ఓవర్‌టేక్ చేయకూడదు. గీత లేనిచోట కూడా దాటడం పూర్తయ్యేదాకా ముందు 100 మీటర్ల ఖాళీ రోడ్డు కనిపిస్తూనే ఉండాలి. బండి నిలిపేటప్పుడు ఎడమ పక్కనే, బండ్లు పోయే దిశకే ముఖం పెట్టి నిలపాలి. రోడ్డు దాటి ఎదురు ముఖం పెట్టి ఆపితే టికెట్ పడుతుంది. పీ60 అన్న బోర్డుకు అర్థం 60 నిమిషాలే అని.

హారన్ దాదాపు మర్చిపోవచ్చు. వెనక మూడు నాలుగు బండ్లు చేరితే ఎడమ పక్క విడిగా ఉండే స్లో బేలోకి తప్పుకుని వాళ్లను పోనివ్వండి. కొండలు చూస్తూ 70లో నడిపే పర్యాటకుల మీద స్థానికులకు ఉన్న ప్రధాన ఫిర్యాదు ఇదే, అది న్యాయమైనదే.

ఇక ఒంటి వరస వంతెనలు. పశ్చిమ తీరంలో హైవే మీదే ఇవి బోలెడు. వంతెన ముందు బోర్డు మీద రెండు బాణాలుంటాయి, ఒకటి పెద్దది, ఒకటి చిన్న ఎర్రది. ఎర్ర చిన్న బాణం ఎవరి దిశకు ఉంటే వాళ్లు ఆగాలి. ఎర్ర అంచు గుండ్రటి బోర్డయితే ఆగాల్సింది మీరు. నీలం చదరపు బోర్డయితే ముందు హక్కు మీది, అయినా ఎదుటి బండి అప్పటికే వంతెన ఎక్కి ఉంటే అది దిగేదాకా ఆగాలి. ఎదురుగా వరుసగా ఐదు బండ్లు వస్తుంటే ఐదూ పోవాలి, మొదటిది దాటగానే దూరకండి. మన దగ్గర లైటు కొడితే "నేనొస్తున్నా, ఆగు" అని అర్థం. అక్కడ వంతెన దగ్గర లైటు కొట్టేవాడు చాలాసార్లు "నువ్వు రా" అంటున్నాడు. రెండు అర్థాలు వంతెన మధ్యలో ఎదురుపడితే ఎవరో ఒకరు రివర్స్ చేయాలి, కాబట్టి లైటును కాదు, బోర్డును నమ్మండి. హాస్ట్ నది మీద ఉన్న వంతెన 737 మీటర్లు, దేశంలోని ఒంటి వరస వంతెనల్లో అదే పొడవైనది. మధ్యలో తప్పుకునే చోట్లున్నాయి.

హోకిటికా నుంచి ఆర్థర్స్ పాస్ వైపు తిరిగే కుమారా జంక్షన్ రౌండ్‌అబౌట్‌లో రైలు పట్టాలు నడిమధ్య నుంచి పోతాయి. ఎర్ర దీపాలు వెలిగితే ఎక్కడున్నా ఆగాల్సిందే.

దూరాలను కిలోమీటర్లలో కాదు, గంటల్లో లెక్కపెట్టండి

వానకా నుంచి ఫాక్స్ గ్లేసియర్‌కు దాదాపు 260 కిలోమీటర్లు. హైదరాబాద్ నుంచి విజయవాడ కంటే కాస్త తక్కువే. కానీ ఇది రెండు వరసల రోడ్డు, కొండలు, ఒంటి వరస వంతెనలు, వాన. ఆపకుండా నడిపితేనే నాలుగు గంటలు, జలపాతాల దగ్గర ఆగుతూ పోతే రోజంతా. క్రైస్ట్‌చర్చ్ నుంచి టెకపోకు మూడు గంటలు, టెకపో నుంచి మౌంట్ కుక్‌కు గంటంపావు, అక్కడి నుంచి లిండిస్ పాస్ మీదుగా క్వీన్స్‌టౌన్‌కు మూడున్నర గంటలు, హోకిటికా నుంచి ఆర్థర్స్ పాస్ మీదుగా క్రైస్ట్‌చర్చ్‌కు మూడున్నర. మ్యాప్ చూపే సమయానికి పావు వంతు కలిపి, రోజుకు నాలుగు గంటలు మించకుండా వేసుకోండి.

తిరుమలలో ఎక్కే దారి వేరు, దిగే దారి వేరు. ఇక్కడి ఘాట్లలో రెండూ ఒకటే రోడ్డు, మలుపులో ఎదురుగా ఇల్లంత క్యాంపర్‌వాన్ వస్తుంది. క్వీన్స్‌టౌన్, వానకా మధ్య క్రౌన్ రేంజ్ రోడ్డు 1,076 మీటర్ల ఎత్తుకు వెళ్తుంది. దిగేటప్పుడు బ్రేక్ మీద కాలు అదేపనిగా ఉంచితే బ్రేకులు వేడెక్కి పట్టు వదులుతాయి. గేరు లీవర్‌ను ఎల్‌కో, టొయోటా హైబ్రిడ్‌లో బి కో మార్చితే ఇంజనే బండిని పట్టి ఉంచుతుంది.

మిల్‌ఫర్డ్ రోడ్డుకు ప్రత్యేక ఏర్పాటు కావాలి. క్వీన్స్‌టౌన్ నుంచి వెళ్లి అదే రోజు తిరిగి రావడమంటే తొమ్మిది గంటల డ్రైవింగ్. ఆ పని బస్సుకు వదిలేయండి, లేదా దారిలోని టె అనావ్ ఊళ్లో రాత్రి ఉండండి. అక్కడి నుంచి దాదాపు 120 కిలోమీటర్లు, రెండు గంటల పైనే. టె అనావ్‌లో ట్యాంకు నిండా పోయించుకోండి, ముందు దారిలో పెట్రోలును నమ్ముకునే వీల్లేదు. ఊరు దాటగానే ఫోన్ సిగ్నల్ పోతుంది, మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకోండి. 1.2 కిలోమీటర్ల హోమర్ సొరంగం దగ్గర రద్దీ వేళల్లో సిగ్నల్ పెట్టి ఒక్కో వైపే వదులుతారు. మిల్‌ఫర్డ్‌లో పడవ విహారానికి టికెట్ తీసుకుంటే ఆ సమయానికి గంట ముందు చేరేలా బయల్దేరండి. మే నుంచి నవంబర్ దాకా బోర్డు చెబితే టైర్లకు వేసే మంచు గొలుసులు బండిలో ఉండాలి. అద్దెకు తీసుకున్నప్పుడు కౌంటర్‌లోనే ఒకసారి వేసి చూపించమనండి, మంచులో మొదటిసారి నేర్చుకునే పని కాదది.

సొరంగం దగ్గర, ఆర్థర్స్ పాస్ దగ్గర ఆగితే కియా అనే కొండ చిలకలు బండి మీద వాలతాయి. వైపర్ల రబ్బరు, తలుపు చుట్టూ ఉండే సీల్ పీకడం వాటికి ఆట. ఫోటో తీసుకోండి, కానీ బండిని వదిలి దూరంగా వెళ్లకండి. తిండి అస్సలు పెట్టకండి.

గాలి మరో సంగతి. మౌంట్ కుక్, టెకపో వైపు గాలి విసిరితే తెరిచిన తలుపు వెనక్కి విరుచుకుని కీలు వంగిపోతుంది. అందరూ ఒక చేత్తో తలుపు పట్టుకుని దిగాలి, ముఖ్యంగా పిల్లలు.

కంకర రోడ్డు మీద 40 దాటకండి, గట్టిగా బ్రేక్ వేయకండి. చలికాలం ఉదయం నీడ పడే మలుపుల్లో రోడ్డు తడిగా మెరుస్తుంటే అది నీళ్లు కాదు, మంచు పొర అనుకుని నడపండి. పదింటి తర్వాత బయల్దేరితే ఈ గొడవ చాలావరకు తప్పుతుంది.

పెట్రోలు మనమే పోసుకోవాలి. మామూలు బండికి 91, మూత వెనక 95 అని రాసుంటే 95. చిన్న ఊళ్లలో మనుషులు లేని పంపులుంటాయి, కార్డు పెట్టి పిన్ కొట్టాలి. క్రెడిట్ కార్డు పిన్ గుర్తులేనివాళ్లు ఇండియాలో ఉన్నప్పుడే మార్చుకోండి.

పోలీసు, ప్రమాదం

పరిమితి కంటే పది లోపు ఎక్కువైతే 30 డాలర్లు, 11 నుంచి 15 దాకా 80, 16 నుంచి 20 దాకా 120. 40 దాటి ఎక్కువైతే లైసెన్సును అక్కడికక్కడే 28 రోజులు నిలిపేస్తారు, అంటే ట్రిప్పు అయిపోయినట్టే. ఫోన్ చేత్తో పట్టుకుంటే 150. వెనక ఎరుపు నీలం దీపాలు వెలిగితే ఎడమకు ఆపి, బండిలోనే కూర్చుని అద్దం దించండి. అక్కడే సర్దుకుందాం అన్న మాట నోట రానివ్వకండి, అది ఇంకో నేరం.

ఢీకొంటే ముందు బండి ఆపాలి, వెళ్లిపోకూడదు. గాయాలుంటే 111. ఎదుటి డ్రైవర్ పేరు, లైసెన్సు, నంబర్ ప్లేటు, చోటు ఫోటోలు తీసుకుని, కంపెనీకి ఆ రోజే ఫోన్ చేయండి. తప్పు ఒప్పుకుంటూ ఏ కాగితం మీదా సంతకం పెట్టకండి.

అప్పగించడం

ఎయిర్‌పోర్ట్ దగ్గరి బంకులో ట్యాంకు నింపి, రసీదు దాచుకోండి. ఆలస్యమైతే రోజు అద్దె పడొచ్చు కాబట్టి తీసుకున్న గంటకంటే ముందే చేరండి. సీట్ల కింద, డోర్ల అరల్లో, ఛార్జర్ పిన్ దగ్గర చూసుకోండి. మొదట తీసినట్టే చుట్టూ మళ్లీ వీడియో తీయండి, ముల్లు, రీడింగుతో సహా. ఆఫీసు మూసి ఉండి తాళం డబ్బాలో వేయాల్సి వస్తే ఆ వీడియో ఒక్కటే మీ సాక్ష్యం.

స్పీడ్ కెమెరా, పార్కింగ్ టికెట్లు ముందు కంపెనీకి వెళ్తాయి. వాళ్లు తమ రుసుము కలిపి వారాల తర్వాత కూడా కార్డు మీద వేయొచ్చు. కాబట్టి ఆ కార్డును ఇంటికొచ్చిన వెంటనే బ్లాక్ చేయకుండా, రెండు మూడు నెలల స్టేట్‌మెంట్లు చూసుకోండి. లెక్క తేలకపోతే ఒప్పందం కాపీ, రెండు వీడియోలు, పెట్రోలు రసీదు జతచేసి కంపెనీకి మెయిల్ పెట్టండి.